పన్నెండేళ్లుగా బీరువాలో ఉన్న బెల్జియం బీరు: ఇప్పుడు తాగొచ్చా, ఇంకా దాచాలా?

బైరాగిపట్టెడ_బాబు

అందరికీ నమస్తే. బీర్ల గురించి నిజంగా తెలిసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. మా బావ బ్రసెల్స్‌లో ఉంటారు. అక్క పెళ్లయిన కొత్తలో తిరుపతికి వచ్చినప్పుడు షిమే బ్లూ అనే బీరు రెండు పెద్ద బాటిళ్లు తెచ్చారు. 750 ఎంఎల్‌వి, షాంపేన్ బాటిల్‌కి ఉన్నట్టే కార్కు, దాని మీద తీగ. ఒకటి ఆ రోజే మిద్దె మీద కూర్చుని తాగేశాం, నల్లగా, చిక్కగా, కొంచెం తియ్యగా భలే ఉండింది. రెండోదాన్ని "ఇది పాతబడేకొద్దీ బాగుంటుంది, పదేళ్లు దాచు" అని బావే నా చేతిలో పెట్టి పోయారు. అమ్మ కంట పడితే ఇంట్లో పెద్ద పంచాయతీ అవుతుంది కాబట్టి పాత పంచెలో చుట్టి బీరువా అడుగు అరలో పెట్టేశాను, అప్పటి నుంచి అక్కడే ఉంది. లేబుల్ మీద 2013 అని ఉంది, ఆల్కహాల్ 9 శాతం.

ఇప్పుడు డిసెంబర్‌లో అక్కా బావా పిల్లలతో దర్శనానికి వస్తున్నారు. బావ ఫోన్లో మొదట అడిగిందే "బాటిల్ ఉందా" అని. ఉంది సరే, మన తిరుపతి ఎండల్లో ఇన్నేళ్లు ఏసీ లేని గదిలో ఉన్న బీరు తాగితే ఏమైనా అవుతుందా? బాగుంటే ఇంకో మూడేళ్లు ఆపి పదిహేనేళ్లకు తీద్దామని ఒక ఆలోచన. తీస్తే మాత్రం మామూలు బీరులాగా ఐసు చల్లగా తాగాలా? ఇంకోటి, దీన్ని సన్యాసులు కాస్తారంట, అది నిజమేనా లేక అమ్ముకోవడానికి చెప్పే కథా?

లీలామహల్_సర్కిల్

స్వామీ, వైన్ షాపులో డేట్ ఆరు నెలలు దాటిన బీరు ఇస్తే కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకునేవాళ్లం మనం, నువ్వు పన్నెండేళ్లది దాచి తాగొచ్చా అంటున్నావు. పాత ఆవకాయ రుచే వేరు అన్నట్టు చెప్పారేమో మీ బావ. ఆవకాయని ఉప్పూ నూనే కాపాడతాయి, బీర్లో కాపాడేది ఏముంది? మొక్కలకు పోసెయ్, షెల్ఫ్‌లో పెట్టుకోడానికి బాటిల్ బాగుంటుంది.

చిత్తూరు_మాల్ట్

లీలామహల్ అన్న అడిగింది వెటకారమే అయినా అసలు ప్రశ్న అదే, అక్కడి నుంచే మొదలుపెడతా. మాది చిత్తూరు, బెంగళూరులో బీరు తయారీలోనే పని చేస్తున్నా, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టండి.

బాబూ, ముందు ఆ భయం వదిలెయ్. బీర్లో ఆల్కహాల్ ఉంటుంది, చేదు కోసం వేసే హాప్స్ అనే పూల చేదు ఉంటుంది, పైగా పీహెచ్ 4 చుట్టుపక్కల ఉండే పులుపు ఉంటుంది. మనిషికి జబ్బు చేసే క్రిములు వీటి మధ్య బతకలేవు. బీరు పాడైంది అంటే రుచి పాడైందనే అర్థం. నోట్లో పెట్టుకుని బాగోలేకపోతే పారబోస్తావు, అంతే.

ఇక కాపాడేది ఏంటి అంటే, మన షాపుల్లో దొరికే లాగర్‌లో నిజంగానే పెద్దగా ఏమీ లేదు. దాన్ని వడకట్టి, ఈస్ట్ మొత్తం తీసేసి, 60 డిగ్రీల దగ్గర పాశ్చరైజ్ చేసి సీలు వేస్తారు. మూత కింద మిగిలిన కొంచెం ఆక్సిజన్ దాన్ని మెల్లగా తింటూ పోతుంది, కొన్ని నెలలకు తడిసిన అట్టపెట్టె వాసన మొదలవుతుంది. ట్రాన్స్-2-నోనెనాల్ అనే పదార్థం వల్ల వచ్చే వాసన అది, చాలా కొంచెం ఉన్నా ముక్కుకు తెలిసిపోతుంది. మన స్ట్రాంగ్ బీర్లలో 8 శాతం దాకా ఆల్కహాల్ ఉన్నా దాచుకోవడానికి పనికిరానిది ఇందుకే. ఘాటు ఒక్కటి ఉంటే చాలదు. "కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్ ఒక కేసు తీసి ఐదేళ్లు పెడితే ఎట్ల ఉంటుంది" అని ఎవరో ఒకరు ఎప్పుడూ అడుగుతుంటారు, దయచేసి ఆ పని చేయొద్దు.

షిమే బ్లూ లాంటిది వేరే రకం. బాటిల్లో పోసేటప్పుడు కొత్తగా ఈస్ట్, కాస్త చక్కెర కలుపుతారు, బీరు సీసాలోనే రెండోసారి పులుస్తుంది. ఆ బతికున్న ఈస్ట్ లోపలున్న ఆక్సిజన్‌ని చాలా వరకు మింగేస్తుంది. నల్లటి మాల్ట్, అంటే మొలకెత్తించి బాగా వేయించిన గింజలు, చక్కెరలు, 9 శాతం ఆల్కహాల్ కూడా తోడుగా ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ హాప్స్ చేదు తగ్గిపోతుంది, మాల్ట్ రుచి మెల్లగా ఆక్సిజన్ తగిలి ఎండుద్రాక్ష, ఖర్జూరం, పాత షెర్రీ వైన్ వైపు జరుగుతుంది. వాళ్లు లేబుల్ మీద ఏడాది వేసేది ఊరికే కాదు, దాచుకునేవాళ్లు ఉంటారని తెలిసే వేస్తారు. ఇంకో తమాషా చెప్తా. పాత డార్క్ బీర్లలో, పాత షెర్రీలో సోటోలాన్ అని ఒక వాసన పదార్థం పుడుతుంది. మన మెంతులకు ఆ వాసన ఇచ్చేది కూడా అదే. కాబట్టి గ్లాసు దగ్గర పెట్టుకుంటే పోపు వాసన వచ్చిందని కంగారు పడొద్దు.

ఘాటు లేకుండా నిలిచేవి కూడా కొన్ని ఉన్నాయి. ఒర్వాల్ అనే ఇంకో బెల్జియం బీరు 6.2 శాతమే, కానీ బాటిల్లో బ్రెటనోమైసెస్ అనే ఇంకో రకం ఈస్ట్ వేస్తారు, అది నెలల తరబడి పని చేస్తూనే ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు హాప్స్ వాసనతో చేదుగా ఉండే బీరు ఏడాది తిరిగేసరికి తోలు, గుర్రపుశాల వాసనలోకి మారిపోతుంది, అదే కావాలని వెతుక్కునేవాళ్లున్నారు. బ్రసెల్స్ చుట్టుపక్కల చేసే గూజ్ అనే బీరు అయితే ఒకటి, రెండు, మూడేళ్ల వయసున్న లాంబిక్‌లు, అంటే గాల్లోని ఈస్ట్‌తోనే పులిసే పుల్లటి బీర్లు, కలిపి సీసాలో పోసేది, దాన్ని కాపాడేది పులుపు. వాటి మీద ఇరవై ఏళ్ల గడువు తేదీ వేస్తారు. మీ బావ అక్కడే ఉన్నారు కదా, ఈసారి అవి తెమ్మను.

ఇప్పుడు చేదు కబురు. ఇవన్నీ నేలమాళిగలో, 10 నుంచి 13 డిగ్రీల మధ్య, చీకట్లో పెట్టినప్పటి మాటలు. రసాయన చర్యలు ప్రతి 10 డిగ్రీలకూ ఇంచుమించు రెండు మూడు రెట్లు వేగంగా జరుగుతాయి. తిరుపతిలో మూసిన గది ఏడాది మొత్తం మీద సగటున 28 డిగ్రీల కంటే తక్కువ ఉండదు, మేలో సంగతి చెప్పనక్కర్లేదు. అంటే నీ బాటిల్ పన్నెండేళ్లలో అక్కడి లెక్కన ముప్పై ఐదేళ్లకు తక్కువ కాకుండా ముసలిదైంది. అదీగాక వేడికి వచ్చే ముసలితనం, చల్లదనంలో వచ్చే ముసలితనం ఒకటి కావు. వేడిలో ఈస్ట్ త్వరగా చచ్చి, దాని కణాలు పగిలి లోపలిదంతా బీర్లోకి వస్తుంది, సోయా సాస్ లాంటి, మాంసం ఉడకబెట్టిన నీళ్ల లాంటి రుచి అది. కాబట్టి ఇంకో మూడేళ్లు అనే ఆలోచన మానుకో. డిసెంబర్ దాకా కూడా బీరువాలో వద్దు, ఈ రోజే తీసి ఫ్రిజ్‌లో కింద అరలో నిలబెట్టు. అమ్మ సంగతి నువ్వే చూసుకో.

పంచెలో చుట్టి చీకట్లో పెట్టావు చూడు, అది మాత్రం మంచి పని. హాప్స్ చేదుకు వెలుతురు తగిలితే స్కంక్ అనే జంతువు కంపు లాంటి ఒక గంధకం వాసన పుడుతుంది, ఆకుపచ్చ సీసాల్లో, తెల్ల సీసాల్లో అమ్మే బీర్లకు ఇదే జబ్బు. గోధుమ రంగు సీసా కొంత ఆపుతుంది, బీరువా పూర్తిగా ఆపుతుంది.

పాకాల_జంక్షన్

మాల్ట్ అన్న చెప్పినదాంట్లో ఎక్కువ భాగం ఒప్పుకుంటా కానీ ఇలాంటి చర్చల్లో "పాతది" అంటేనే ఒక గొప్ప అన్నట్టు అయిపోతుంది, అది నాకు నచ్చదు. నేను ఇంగ్లండ్‌లో పని చేసినప్పుడు ఫుల్లర్స్ అనే బ్రూవరీ వాళ్ల వింటేజ్ ఏల్ అనే బీరు పిచ్చిలో పడ్డాను. 1997 నుంచి ఏటా ఒకటి తీస్తున్నారు, 8.5 శాతం, అట్టపెట్టెలో పెట్టి అమ్ముతారు. వేర్వేరు ఏళ్లవి పక్కపక్కన పెట్టుకుని తాగితే వరసగా పాతది కొత్తదానికన్నా బాగుండాలి కదా? అట్లా ఏమీ ఉండదు. కొత్తది నారింజ తొక్క వాసనతో చురుగ్గా ఉంటుంది. మధ్యలో ఒక వయసు దగ్గర చేదూ పోయి తీపీ రాక మొద్దుగా, ఏ రుచీ పట్టని స్థితిలో ఉంటుంది. ఇంకొన్నేళ్ల తర్వాతది మళ్లీ తేనె, బాదం, ఎండుద్రాక్షతో లేస్తుంది. ఆపైన కొన్ని లేవనే లేవవు. నా వరకు మూడు నుంచి ఐదేళ్ల మధ్య తాగినవాటిలోనే ఎక్కువ సంతోషం దొరికింది, దాన్ని మించి దాచేవాళ్లలో సగం మంది దాచడం కోసమే దాస్తారని నా అనుమానం.

అట్లా అని బాగా పాతవి చచ్చిపోతాయనీ కాదు. ఇంగ్లండ్‌లో బర్టన్ అపాన్ ట్రెంట్‌లో బాస్ బ్రూవరీ పాత నేలమాళిగల్లో 2006లో కొన్ని సీసాలు బయటపడ్డాయి, అందులో 1869లో కాచిన రాట్‌క్లిఫ్ ఏల్ ఉంది. తెరిచి రుచి చూసినవాళ్లు తాగేలా ఉందనే చెప్పారు. అదే బ్రూవరీలో 1902లో ఏడవ ఎడ్వర్డ్ రాజు వచ్చి ఒక బీరు కాయడం మొదలుపెడితే దానికి కింగ్స్ ఏల్ అని పేరు పెట్టారు, ఆ సీసాలు ఇప్పటికీ వేలాల్లో కనబడుతుంటాయి. కానీ అవన్నీ ఇటుక గోడల కింద, చలి దేశంలో, ఎవరూ కదపకుండా ఉన్నవి.

సన్యాసుల సంగతి నిజమే. షిమే బ్రూవరీ స్కూర్మాన్ అనే మఠం లోపల ఉంది, 1862లో మొదలైంది. వాళ్లు ట్రాపిస్టులు అనే క్రైస్తవ సన్యాసులు, సెయింట్ బెనెడిక్ట్ నియమం పాటించేవాళ్లు, సొంత చేతుల కష్టం మీద బతకాలి అనేది అందులో ఒక సూత్రం. ఇప్పుడు పని ఎక్కువ భాగం జీతానికి చేసేవాళ్లే చేస్తారు, కానీ బీరు కాయడం మఠం గోడల లోపల, సన్యాసుల అజమాయిషీలో జరగాలి, వచ్చిన డబ్బు మఠం ఖర్చులకూ దానధర్మాలకూ పోవాలి. అప్పుడే లేబుల్ మీద ఆ ఆరు కోణాల ట్రాపిస్ట్ ముద్ర వేసుకోనిస్తారు.

నా సలహా ఒకటే. బావని ఇదే బీరు కొత్తది ఒకటి తెమ్మను. పక్కన కొత్తది లేకుండా పాతది తాగితే ఏది వయసు వల్ల వచ్చింది, ఏది మొదటి నుంచీ ఉన్నది అనేది తెలీదు. డ్యూటీ ఫ్రీగా మనిషికి రెండు లీటర్లు తెచ్చుకోవచ్చు. 750వి రెండు సులభంగా పడతాయి, చెక్ ఇన్ సామానులో బట్టల మధ్య పెట్టుకోవాలి.

పుంగనూరు_వాసి

మధ్యలో వస్తున్నా ఏమీ అనుకోవద్దు. మా తాతగారింట్లో వెనక పాత పాతర ఉంది, ఒకప్పుడు రాగులు, జొన్నలు పోసేవాళ్లు, ఇప్పుడు ఖాళీ. లోపల దిగితే ఎండాకాలంలో కూడా చల్లగానే అనిపిస్తుంది. అందులో ఇలాంటి బాటిళ్లు పెడితే ఇంగ్లండ్ నేలమాళిగ లెక్కే కదా?

చిత్తూరు_మాల్ట్

మంచి ప్రశ్న, నేను కూడా ఒకప్పుడు అదే అనుకునేవాణ్ణి. భూమి లోపల కొన్ని మీటర్లు దిగితే ఎండా చలీ ఆగిపోయి, ఆ ఊరి ఏడాది సగటు వేడి ఎంతో అంత దగ్గర నిలబడిపోతుంది. బెల్జియంలో ఆ సగటు 10, 11 డిగ్రీలు, అందుకే అక్కడ గొయ్యి తవ్వితే చాలు, బీరుకు సరిపోయే గది వచ్చేస్తుంది. మన పుంగనూరు మిగతా జిల్లా కంటే చల్లనే అయినా పాతరలో 25 దరిదాపుల్లో ఉంటుంది, బయట 38 ఉన్నప్పుడు దిగితే చల్లగా తగులుతుంది అంతే. ఒక లాభం మాత్రం ఉంది, వేడి ఎక్కువ తక్కువలు ఉండవు, అలా రోజూ మారడం కూడా బీరుకు మంచిది కాదు. మిద్దె కింద అటక మీద పెట్టడం కంటే పాతర వెయ్యి రెట్లు నయం. కానీ ఏళ్ల తరబడి దాచాలంటే మన వైపు ఫ్రిజ్ ఒక్కటే దారి, లేదంటే హార్స్‌లీ హిల్స్‌లో ఇల్లు కొనుక్కోవాలి, అక్కడ కూడా మే నెల గ్యారంటీ ఇవ్వలేను.

బాబూ, తాగే విధానం చెప్పడం మర్చిపోయా. కనీసం రెండు మూడు రోజులు నిలబెట్టి ఉంచు, అడుగున ఈస్ట్ మడ్డి కూర్చుంటుంది. తాగడానికి ఓ ముప్పావుగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టు. "కూలింగ్ ఉందా" అని అడిగే అలవాటు ఈ ఒక్కదానికీ పక్కన పెట్టాలి, 12, 14 డిగ్రీల దగ్గర కానీ వాసన తెరుచుకోదు, ఐసు చల్లగా తాగితే నల్లటి నీళ్లే. స్టీలు గ్లాసు వద్దు, కింద వెడల్పుగా పైన ఇరుకుగా ఉన్న గాజు గ్లాసు ఏదైనా సరే, కొంచెం కొంచెం పోసుకోండి. బాటిల్‌ని మాటిమాటికీ నిలబెట్టకుండా గ్లాసులన్నీ వరసగా పెట్టి ఒకే వంపులో పోసెయ్యి, మళ్లీ నిలబెడితే మడ్డి లేస్తుంది. కార్కు పాతది కాబట్టి మెల్లగా తిప్పుతూ లాగు, మొహం మీదకి పెట్టుకోవద్దు. ముఖ్యంగా మంచింగ్‌కి చికెన్ 65, కారం వేసిన పల్లీలు పెట్టుకోకండి, నాలుక మండితే పన్నెండేళ్లూ వృథా. ఉడకబెట్టిన చెనక్కాయలు, జీడిపప్పు, కొంచెం చీజ్ చాలు.

కరకంబాడి_రోడ్

బీరు సంగతి నాకు తెలీదు గానీ ఒక మాట. బావ వాళ్లు చెన్నైలో దిగి నేరుగా దర్శనానికి కారులో కొండకి పోయేలా ఉంటే ఆ బాటిళ్లు ముందు తిరుపతి ఇంట్లో దించెయ్యండి. అలిపిరి దగ్గర ప్రతి బండీ, ప్రతి బ్యాగూ చూస్తారు, కొండ మీదకి మందు, మాంసం, సిగరెట్లు ఏవీ పోనివ్వరు. సీలు తియ్యలేదు, గిఫ్టు ఇది అని చెప్పినా నడవదు, పిల్లల ముందు అనవసరం టెన్షన్. ఎయిర్‌పోర్ట్ బిల్లు కూడా చేతిలో ఉంచుకోమనండి, పక్క రాష్ట్రం నుంచి సీసాలు తెచ్చేవాళ్లని చెక్‌పోస్టుల దగ్గర ఎక్సైజ్ వాళ్లు ఆపుతారు, అప్పటి నిబంధన ఏంటో ముందే కనుక్కోవడం మంచిది.

బైరాగిపట్టెడ_బాబు

అందరికీ చాలా థ్యాంక్స్, ముఖ్యంగా మాల్ట్ అన్నకి. దర్శనం అయిపోయి కిందకి దిగిన రెండో రోజు సాయంత్రం తాగాం. ఏం జరిగిందో రాస్తానని చెప్పా కాబట్టి రాస్తున్నా. బావ కొత్త షిమే బ్లూ ఒకటి తెచ్చారు, మనిషికి రెండు గ్లాసులు, ఒకదాంట్లో పాతది, ఒకదాంట్లో కొత్తది. నేను, బావ, నా ఫ్రెండు ఒకడు.

పాతదాని కార్కు సగంలో తెగింది. మిగతా సగం స్క్రూతో లాగాల్సి వచ్చింది, పొడి కొంచెం లోపల పడింది. టప్ మని శబ్దం రాలేదు, చిన్న నిట్టూర్పు అంతే. కొత్తది తెరిస్తే నురగ గ్లాసు దాటి వచ్చింది, పాతదానికి వేలెడు నురగ లేచి చూస్తుండగానే పోయింది. రంగులో కొత్తది ముదురు గోధుమ, పాతది అంచుల దగ్గర ఎర్రగా, ఇటుక రంగులో ఉంది. ఇంత తేడా ఉంటుందనుకోలేదు.

వాసన దగ్గరే మాకు గొడవ మొదలైంది. నాకు మొదట తగిలింది మెంతులే అన్నా, మీరు చెప్పారు కాబట్టి అనిపించిందేమో అని ఏమీ చెప్పకుండా ఫ్రెండు చేతికిచ్చాను, వాడు వాసన చూసి "ఏందిరా ఇది, మెంతిపొడి డబ్బా మూత తీసినట్టుంది" అన్నాడు. దాని వెనకే ఖర్జూరం, ఎండుద్రాక్ష, ఇంకా మా వైపు బెల్లం గానుగల దగ్గర పాకం అడుగంటే ముందు వచ్చే వాసన. కొత్తదాంట్లో అవేవీ లేవు, పండిన అరటిపండు, లవంగం, రొట్టె వాసన.

రుచికి వస్తే పాతది ముందు బాగా తియ్యగా, తేనెలాగా మొదలవుతుంది, మధ్యలో ఎండుద్రాక్ష, కొంచెం చింతపండు పులుపు, తర్వాత హఠాత్తుగా పలచబడిపోతుంది. చివర్లో మీరు చెప్పిన ఆ సోయా సాస్ నాలుక వెనక మిగులుతుంది, కొంచెం ఉప్పగా. చేదు అసలు లేదు. కొత్తది చివరి దాకా నిండుగా ఉండి, కొంచెం చేదుతో, గ్యాసుతో శుభ్రంగా ముగుస్తుంది. గ్లాసులో ఓ అరగంట ఉన్నాక పాతది మళ్లీ మారింది, సోయా తగ్గి కోకో పొడి లాంటి వాసన పైకి వచ్చింది, అప్పుడు మాత్రం నిజంగా బాగుంది. అడుగు మడ్డి విడిగా ఒక చిన్న గ్లాసులో పోసి చూశాం, అది ఎవరికీ నచ్చలేదు, పచ్చి ఉప్పు కషాయం.

బావకి పాతదే నచ్చింది, రెండో గుక్కకే "ఇలాంటిది అక్కడ కొనాలన్నా దొరకదు" అని మొదలుపెట్టారు. ఫ్రెండు తన పాత గ్లాసు బావకి ఇచ్చేసి కొత్తది పూర్తి చేశాడు. నేనైతే కొత్తదాని వైపే, కాని పాతది పారబోయాల్సినంత చెడ్డది కాదు, ఒక చిన్న గ్లాసు వరకు ఇష్టంగా తాగుతా, సీసా మొత్తం ఒక్కణ్ణే తాగమంటే తాగను.

పాకాల_జంక్షన్

నువ్వు రాసింది చదువుతుంటే ఆ బీరు ఎనిమిదేళ్ల దగ్గర, ఇంకా చల్లని చోట ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. మధ్యలో పలచబడడం అనేదే నాకు ఎప్పుడూ నచ్చని విషయం, వాసన ఇచ్చిన మాట నోరు నిలబెట్టుకోదు. బావ మాటకీ అర్థం ఉంది, ఆయనకి రుచి ఒక్కటే కాదు కదా. కానీ అది ఆయన లెక్క, బీరు లెక్క కాదు.

చిత్తూరు_మాల్ట్

అట్టపెట్టె వాసన గురించి నువ్వు ఒక్క మాట కూడా రాయలేదు, అది నాకు ఆశ్చర్యం. ఇంత వేడిలో ఉన్నదానికి నేను ముందు భయపడింది దానికే. డార్క్ మాల్ట్ వాసనల కింద అది దాక్కుని ఉండొచ్చు, లేదా మొదట్లో వచ్చి ఏళ్లు గడిచాక తగ్గిపోయి ఉండొచ్చు, పాత బీర్లలో అలా జరుగుతుంది. సోయా, ఉప్పు రుచి, ఆ మడ్డి కషాయం, ఇవి చచ్చిన ఈస్ట్‌వి. చింతపండు పులుపు ఎంత ఉంది? నోరు జివ్వుమనేంత ఉంటే లోపల బ్యాక్టీరియా పని చేసిందనుకోవాలి, లేదంటే చేదూ గ్యాసూ పోయాక మామూలు పులుపే పైకి తెలుస్తుంది.

బైరాగిపట్టెడ_బాబు

జివ్వుమనేంత లేదన్నా, పండు పులుపు అంతే. అట్టపెట్టె వాసన నాకైతే తెలియలేదు. ఇంకోటి, బావ మీరు చెప్పిన గూజ్ చిన్న సీసాలు రెండు, ఒర్వాల్ ఒకటి కూడా తెచ్చారు. ఇవైనా సరిగ్గా దాచాలి, ఎట్ల పెట్టమంటారు? ఫ్రిజ్‌లో పెడితే అమ్మ చూస్తుంది, చూసినా ఈసారి బావ తెచ్చారు అంటే ఏమీ అనదులే.

చిత్తూరు_మాల్ట్

అల్లుడు తెచ్చిందంటే అత్తగారు ఏమంటుంది. పేపర్లో చుట్టి కూరగాయల ట్రే పక్కన పెట్టు, ఫ్రిజ్‌లో మిగతా చోట్ల కంటే అక్కడ కొంచెం తక్కువ చలి, తలుపు తీసినప్పుడల్లా లైటు పడుతుంది కాబట్టి పేపరు తప్పనిసరి. తలుపు అరలో వద్దు, ఊగుతుంది, వేడి తగులుతుంది. ఒర్వాల్ నిలబెట్టి పెట్టు, ఫ్రిజ్ చలికి దాని ఈస్ట్ దాదాపు నిద్రపోతుంది కాబట్టి మార్పు చాలా మెల్లగా ఉంటుంది, ఏడాదిన్నరకి తాగు. గూజ్‌కి కార్కు ఉంటే పడుకోబెట్టడం అక్కడి అలవాటు, తాగే ముందు రోజు నిలబెడితే సరి. వాటిలో ఒకటి ఈ ఎండాకాలంలోనే తాగెయ్, రెండోది ఎన్నాళ్లైనా ఉంచు. కరెంటు ఎక్కువ సేపు పోయే రోజుల్లో ఫ్రిజ్ ఊరికే తెరవొద్దు.

లీలామహల్_సర్కిల్

ఇంతకీ ఖాళీ బాటిల్ ఏం చేశావు స్వామీ? షెల్ఫ్‌లో పెట్టుకోకపోతే నాకియ్యి. గూజ్ తెరిచే రోజు కూడా చెప్పు, వస్తా. చెనక్కాయలు నేనే ఉడకబెట్టి తెస్తా, కారం వెయ్యను.